టాయిలెట్ లైటు ఆర్పుతున్నదెవరు? రాజమండ్రి నుంచి పిఠాపురం దాకా ఒక ట్రైలర్ ప్రయాణం

ఈ ప్రయాణం మొదలైంది మా అక్క కోసం. అక్కకి మూడేళ్ళ క్రితం మూత్రాశయానికి ఆపరేషన్ జరిగింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ, అప్పటినుంచి ముప్పావుగంటకోసారి బాత్రూముకి వెళ్ళాలి. ఆగమంటే ఆగదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, జిల్లా అంతా బస్సుల్లో తిరిగిన మనిషి, ఈ మూడేళ్ళలో రాజమండ్రి పొలిమేర దాటలేదు. పెళ్ళిపిలుపు వస్తే శుభలేఖ పూర్తిగా చదవకముందే "ఎంతసేపు ప్రయాణం?" అని అడుగుతుంది. గంట దాటితే అక్షింతలు నా చేత పంపిస్తుంది. మగవాళ్ళయితే కాలవగట్టున ఎక్కడ పడితే అక్కడ బండి ఆపుకుంటారు. అరవై దాటిన ఆడమనిషి ఏ చెట్టు చాటుకి పోతుంది?

ఆపరేషన్‌కి ముందు అక్క పిఠాపురం పురుహూతిక అమ్మవారికి చీర మొక్కుకుంది. ఆ చీర కొని బీరువాలో పెట్టి మూడేళ్ళు. నేను వెళ్ళి ఇచ్చివస్తానంటే ఒప్పుకోదు, మొక్కింది తను కాబట్టి తనే ఇవ్వాలంటుంది. మా ఊళ్ళో ఒకాయన టాయిలెట్ ఉన్న ట్రైలర్ అద్దెకిస్తున్నాడని ఫోన్లో చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ చీరే. జీపు వెనక తగిలించుకు లాక్కెళ్ళే చిన్న గది అది. అందులో ఒక మంచం, ఒక ఏసీ, మూలన తలుపున్న టాయిలెట్. అద్దె రోజుకి ఏడు వేలు, జీపూ డ్రైవరూ అందులోనే, డీజిలూ డ్రైవర్ బత్తా మనవి. ఎక్కువే. కానీ ఈ ప్రయాణం కుదరకపోతే అక్క ఇంకే ప్రయాణానికీ కాలు బయట పెట్టదని నాకు తెలుసు. ఆ మాట తను పైకే అంది: "ఇదొక్కసారి చూద్దాం వాణీ. ఇదీ కాకపోతే ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనకు."

నా గురించి ఒక మాట చెప్పాలి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూస్తాను. తీగలో కరెంటు లేదని ఎవరైనా చెబితే నమ్మను, టెస్టర్ పెట్టి చూస్తాను. మనుషుల విషయంలోనూ ఇంతేనని మావారు ఏడిపిస్తుంటారు. కూరగాయలవాడు ఊరికే కొత్తిమీర వేస్తే వంకాయల్లో పుచ్చులున్నాయేమోనని వెతుకుతానట. అబద్ధం కాదు. కాబట్టి ట్రైలర్ ఫొటోల్లో టాయిలెట్‌ని తలుపు దగ్గర్నుంచి మాత్రమే ఎందుకు తీశారా అని మొదటిరోజే అనుమానం వచ్చింది. హ్యాండ్‌బ్యాగులో టెస్టరూ, మల్టీమీటరూ, నల్ల ఇన్సులేషన్ టేపూ వేసుకునే బయల్దేరాను.

పొద్దున్న ఐదున్నరకి బండి మా వీధిలోకి వచ్చింది. డ్రైవర్ సత్తిబాబు, నలభై ఐదేళ్ళుంటాయి, మండపేట వైపు మనిషి. తెల్లవారుజామునే స్నానం చేసి, బండికి పూజ చేసి తెచ్చాడు. టైర్లకి, అద్దానికి, స్టీరింగుకి, జీపుకీ ట్రైలర్‌కీ మధ్య కొక్కేనికి, కంటికి కనిపించిన ప్రతిదానికీ పసుపూ కుంకుమా పెట్టాడు. నేను లోపలికి వెళ్ళి టాయిలెట్ చూశాను. లైటు వెలిగింది. గాలి బయటికి లాగే ఫ్యాను తిరిగింది. మీట నొక్కితే చిన్న పంపు గుర్రుమని కమోడ్‌లోకి నీళ్ళు వదిలింది. వాష్‌బేసిన్ కింద చిన్న అలమర తలుపు తీస్తే ఫ్యూజులూ, ఈ మూడింటికీ కలిపి ఒక మెయిన్ స్విచ్చూ ఉన్నాయి. అక్కని పిలిచి అన్నీ చూపించాను. "ఇది ఆన్‌లో ఉంటేనే అన్నీ పనిచేస్తాయి" అని ఆ స్విచ్ కూడా చూపించాను.

సత్తిబాబు బయటినుంచి ట్రైలర్ పక్కనున్న చిన్న తలుపు తెరిచి కమోడ్ కిందుండే ప్లాస్టిక్ పెట్టెని సొరుగులా సగం లాగి చూపించాడు. అన్నీ అందులోకే వెళతాయి. నిండాక తీసి ఎక్కడైనా మామూలు టాయిలెట్‌లో పారబోయాలి. "ఈ పెట్టె కాళీ చేసే పని నాదేనండి. మీరేం మొగమాటపడకండి అమ్మగారూ, ఎన్నిసార్లయినా ఎల్లండి. నేను చూసుకుంటానండి" అన్నాడు. అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, జీపులో వెనక సీట్లో కూర్చుంది. బండి నడుస్తుండగా ట్రైలర్‌లో మనుషులు ఉండకూడదు. అందరూ జీపులోనే కూర్చోవాలి, అవసరమైనప్పుడు ఆపించుకోవాలి. మీరు ఎవరినైనా ఇలా తీసుకెళ్ళాలనుకుంటే ఆ లెక్క ముందే వేసుకోండి.

పిఠాపురానికి రాజానగరం, పెద్దాపురం మీదుగా వెడల్పాటి రోడ్డుంది. నేను కాలవ రోడ్డే పట్టమన్నాను. వేమగిరి దాటి కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట, అక్కడినుంచి పిఠాపురం. దూరం అరవై చిల్లర కిలోమీటర్లే గానీ వెనక ట్రైలర్ ఉంటే ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా నెమ్మదించాలి. అయినా ఈ దారిలో నీడ ఉంది, ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి, బండి ఆపుకోడానికి చోటు దొరుకుతుంది. ఆదివారం పొద్దున్న కడియం నర్సరీల దగ్గర అప్పటికే లారీల్లోకి మొక్కలు ఎక్కిస్తున్నారు. అక్క కిటికీలోంచి చూస్తూ, "ఆ గన్నేరు మొక్కకి అంత చిన్న కుండీ ఏంటి?" అంది. చాలా రోజుల తర్వాత తను ఇంటి బయటి విషయం ఒకటి మాట్లాడింది. నాకు సంతోషం వేసింది.

అక్కడే మొదటిసారి ఆపాం. "వెళ్ళిరా అక్కా" అన్నాను. సత్తిబాబు రోడ్డు పక్కన బండి పెట్టి, వెనకవాళ్ళకి తెలిసేలా నాలుగు ఇండికేటర్లూ వేసి దిగాడు. అక్క లోపలికి వెళ్ళి నిమిషంలో బయటికొచ్చింది. "లైటు కొట్టుకుంటోందే. పంపు మూలుగుతోంది, నీళ్ళు రావట్లేదు" అంది. నేను ఎక్కి చూశాను. నిజమే. బయట ఇండికేటర్లు టిక్కుటిక్కుమంటుంటే, టాయిలెట్ లైటు కూడా వాటితో పాటు ఆరి వెలుగుతోంది. మా వీధిలో బాగున్నది అరగంట ప్రయాణంలో ఎలా పాడైంది?

"ద్వారపూడిలో మనోడొకడున్నాడండి, అయిదు నిమిషాల్లో చూసేత్తాడు" అన్నాడు సత్తిబాబు. అంతే, నా బుర్రలో గంట మోగింది. బండి కదిలి ఎంతోసేపు కాలేదు, అప్పుడే రిపేరు, అప్పుడే మనోడొకడు! నేను చూసుకుంటానని చెప్పి మీటరు బయటికి తీశాను.

ఈ రకం ట్రైలర్‌లో టాయిలెట్‌కి కరెంటు జీపు బ్యాటరీ నుంచే వస్తుంది. పన్నెండు వోల్టులది, ఏడు పిన్నుల ప్లగ్గు ఒకటి జీపుని ట్రైలర్‌తో కలుపుతుంది. బ్యాటరీ దగ్గర వోల్టేజీ నిక్షేపంలా ఉంది. టాయిలెట్ లైటు దగ్గర పంపు మీట నొక్కితే సగానికి సగం పడిపోతోంది. ఒక లైటు ఇంకోదానితో కలిసి మిణుకుతోందంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్ తీగనే. వెళ్ళిన కరెంటుకి తిరిగొచ్చే దారి సరిగా లేకపోతే అది పక్క లైట్ల తీగల్లో దూరి దారి వెతుక్కుంటుంది. పరీక్ష సులువు. ఒక మందపాటి తీగ తీసుకుని ఒక కొస జీపు ఇనుముకి, రెండో కొస ట్రైలర్ ఇనుముకి గట్టిగా ఆనించాలి. కొక్కెం ఇనుమే కదా, అదే కలుపుతుందిలే అనుకోకండి, దాని నిండా గ్రీజే. తీగ ఆనించగానే టాయిలెట్ లైటు కుదురుగా వెలిగింది. తప్పు ప్లగ్గులో ఉందని తేలిపోయింది.

ప్లగ్గు ఊడదీస్తే లోపల పసుపు. తడిపి పెట్టిన పసుపూ, పైన కుంకుమా ఎర్త్ పిన్ను చుట్టూ పేరుకుని ఉన్నాయి. పాత పూజలవి నల్లబడి అడుగున ఉన్నాయి, ఇవాళ్టిది ఇంకా తడిగానే ఉంది. మా వీధిలో కదలకుండా ఉన్నంతసేపూ ఎలాగో తగులుతున్న పిన్ను, రోడ్డు మీద కుదుపులకి వదిలేసింది.

"మీరేనా పెట్టింది?" అన్నాను.

"నేనేనండి. ప్రతి దానికీ పెట్టాలి కదండీ. కరెంటు దానికి మరీను" అన్నాడు సత్తిబాబు. ఆ మొహం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. అయినా నా అనుమానం అంత తేలిగ్గా దిగదు. పిన్నుల్ని చాకుమొనతో గీకి, పొడిగుడ్డతో తుడిచి బిగించాం. లైటు వెలిగింది, పంపు పలికింది. "ఇప్పుడు వెళ్ళు" అంటే అక్క, "ఇందాక అనిపించింది, ఇప్పుడు లేదులే" అంది. ముప్పావుగంటకోసారి వెళ్ళాల్సిన మనిషికి ఇప్పుడు లేకపోవడమేంటని ఒక్క క్షణం అనుకున్నాను. అప్పటికి ఏడు కావస్తోంది, వెనక లారీ హారన్ కొడుతోంది, బండెక్కేశాను.

అనపర్తిలో టిఫిను. రోడ్డు పక్క చిన్న హోటలు, పెసరట్టు ఉప్మా బాగుంది, ముగ్గురికీ కలిపి రెండొందలు దాటలేదు. అల్లం పచ్చడి రెండోసారి అడిగినా విసుక్కోకుండా వేశారు. మేం తింటుండగా సత్తిబాబు హోటలు గోడ మీది బోర్డులోంచి వైరు లాగి ట్రైలర్‌కి తగిలించాడు, అమ్మగారికి ఏసీ చల్లగా ఉంటుందని. అక్క తిన్నాక చేతులు కడుక్కోడానికి ట్రైలర్‌లోకి వెళ్ళి, వాష్‌బేసిన్ కుళాయి ముట్టుకుని, "వాణీ!" అని కేకేసింది. పరిగెత్తాను. "ఝుమ్మందే" అంది చెయ్యి పట్టుకుని. టెస్టర్ పెడితే ఆ స్టీలు కుళాయి మీద ఎర్రగా వెలిగింది.

ఇది చిన్న విషయం కాదు, చదివేవాళ్ళు ఇక్కడ కొంచెం నిదానించండి. ఆ వైరు చివర రెండు పిన్నులే ఉన్నాయి, ఎర్త్ లేదు. ట్రైలర్ నిలబడేది రబ్బరు టైర్ల మీద. ఏసీలోంచి కొద్దిగా కరెంటు కారినా అది నేలలోకి పోవడానికి దారి లేక బండి ఇనుమంతా పాకుతుంది. తడిచేత్తో ముట్టుకున్నవాళ్ళే దానికి దారి అవుతారు. ఇవాళ ఝుమ్మన్నది రేపు పట్టుకుని వదలకపోవచ్చు. వైరు పీకేశాను. మూడు పిన్నులూ ఉండి, ఎర్త్ నిజంగా ఉందని పరీక్షించి, కరెంటు కారితే దానంతటదే పడిపోయే బ్రేకర్ ఉంటే తప్ప బయటి కరెంటు ట్రైలర్‌కి పెట్టకూడదు.

"ఎవర్నడిగి పెట్టారు?" అన్నాను సత్తిబాబుని కొంచెం గట్టిగానే.

"ఓనరుగారు ఎక్కడ ప్లగ్గు దొరికితే అక్కడ పెట్టెయ్యమన్నారండి. ఎప్పుడూ ఏం అవలేదండి" అన్నాడు.

హోటలావిడ అట్టు తిప్పుతూనే, "మా ఫ్రిజ్జుకీ అదే బోర్డండి. అది కూడా అప్పుడప్పుడు చురుక్కుమంటాదండి, మేం చెప్పులేసుకుని తీత్తాం" అంది. ఆవిడకి కూడా ఒక పాఠం చెప్పి బయటికి వచ్చేసరికి అక్క కనిపించలేదు. హోటలు వెనక బాత్రూములో ఉందట. ఆ బాత్రూము నేను చూశాను. తలుపుకి గొళ్ళెం లేదు, నేలంతా జారుడు. మా ఇంట్లో రెండుసార్లు కడిగించాక గానీ కాలు పెట్టని మనిషి, తళతళలాడే ట్రైలర్‌ని వదిలి అందులోకి ఎందుకెళ్ళింది? షాక్ కొట్టిందని భయపడిందిలే అని సర్దిచెప్పుకున్నాను. ట్రైలర్‌ని నమ్మలేకపోతోందంటే సగం ప్రయాణం చెడినట్టే. ఆ కోపమంతా సత్తిబాబు మీదికి మళ్ళింది.

పైగా ఇంకోటి గమనించాను. బండి ఆగిన ప్రతిసారీ ఈ మనిషి ట్రైలర్ అవతలి పక్కకి వెళ్ళి, నేల మీద గొంతుకూర్చుని ఏదో చేస్తున్నాడు. మేం చూస్తే లేచి దులుపుకుంటున్నాడు. కడియంలో చూశాను, అనపర్తిలోనూ చూశాను. అక్క కూడా అటే చూస్తోంది.

బిక్కవోలు దాటాక చెరుకురసం బండి దగ్గర నీడ చూసి ఆపాం. నేను తాగాను, అక్క వద్దంది. "అయితే ఒకసారి వెళ్ళిరా" అన్నాను. వెళ్ళింది, వెంటనే వచ్చింది. "కరెంటు మొత్తం పోయింది. లైటు లేదు, ఏం లేదు. చీకట్లో నావల్ల కాదు." వెళ్ళి చూస్తే నిజంగానే ఏదీ లేదు. ప్లగ్గు చూశాను, బాగుంది. ఫ్యూజులు తీసి చూశాను, బాగున్నాయి. ఆఖరికి చూస్తే మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేస్తే అన్నీ వెలిగాయి. స్విచ్ దానంతటది పడదు. గట్టి స్విచ్, వేలితో నొక్కితే గానీ కదలదు. ఎవరో ఆపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపింది సత్తిబాబే అనుకున్నాను, కారణం కూడా నేనే అల్లేశాను. మాకు విసుగొచ్చి వెనక్కి తిప్పమంటే, రోజు అద్దె పుచ్చుకుని మధ్యాహ్నానికల్లా ఇంటికి పోవచ్చు కదా! అతను అటు తిరిగి రసం తాగుతుండగా, వాష్‌బేసిన్ కింది అలమర తలుపుకి అడుగువైపు, కంటికి ఆననిచోట, చిన్న టేపు ముక్క అంటించాను. తలుపు తెరిస్తే టేపు ఊడాల్సిందే.

సామర్లకోట చేరేసరికి పదకొండు కావస్తోంది. కాలవ పక్కన విశాలమైన చోటు చూసి బండి ఆపించాను. సత్తిబాబు ఎప్పటిలాగే వెనక్కి వెళ్ళి కూర్చుని, తర్వాత ఖాళీ డబ్బా పట్టుకుని నీళ్ళకి వెళ్ళాడు. నేను గబగబా లోపలికి ఎక్కి చూశాను. టేపు అలాగే ఉంది. లైటు వెలుగుతోంది. కిందికి దిగి అక్కని పంపించాను, తలుపు బయటే నిలబడ్డాను. నాలుగు అంకెలు లెక్కపెట్టానో లేదో, తలుపు సందులోంచి పడుతున్న వెలుతురు పుటుక్కున ఆరిపోయింది. అక్క బయటికొచ్చి, "మళ్ళీ పోయిందే" అంది.

నేను తనని దాటుకుని వెళ్ళి వంగి చూశాను. టేపు ఒక కొస ఊడి వేలాడుతోంది. స్విచ్ ఆఫ్.

ఆ ఇరుకు గదిలో మోకాళ్ళ మీద కూర్చుని తల తిప్పి అక్క మొహంలోకి చూశాను. పొద్దున్నుంచి మొదటిసారి సరిగ్గా చూశానని చెప్పాలి. పెదవులు ఎండి పగుళ్ళు తేలాయి. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, తలుపు చట్రాన్ని పట్టుకుని నిలబడి ఉంది. రాత్రి నుంచి చుక్క నీళ్ళు తాగడం నేను చూడలేదు. రోజుకి మూడు లీటర్లు తాగకపోతే మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తుందని డాక్టరు చెప్పిన మనిషి.

"ఎందుకక్కా?" అన్నాను.

తలుపు దగ్గరికి వేసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి చెప్పింది. "ఆ అబ్బాయి దేవుడికి పూజ చేసుకుని వచ్చాడే. ఆ చేతుల్తో నా పెట్టె ఎత్తి పారబోస్తాడా? ఆగిన ప్రతిచోటా వెనక్కెళ్ళి, తలుపు తీసి, నిండిందేమోనని తొంగి చూస్తున్నాడు. నేను చూశాను. అతను అలా చూస్తుంటే నాకు చచ్చిపోవాలనిపిస్తోంది వాణీ."

తను ఆగలేదు. "ఆస్పత్రిలో పదిహేను రోజులు ఆయా నా మూత్రం సంచీ మోసింది. రోజూ పొద్దున్నే ఆవిడకి దణ్ణం పెట్టేదాన్ని. ఆవిడ నవ్వేది, ఇది నా ఉద్యోగమమ్మా అనేది. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగేది కాదు. మళ్ళీ ఇంకో మనిషి చేత మోయించడమా? కరెంటు లేదంటే నువ్వే విసుగొచ్చి బండి తిప్పేస్తావనుకున్నా. నువ్వేమో మీటర్లు తీసుకుని బయల్దేరావు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తన మీద జాలితో కాదు, నా మీద కోపంతో. పొద్దున్నుంచి బండి ఓనర్ని అనుమానించాను, డ్రైవర్ని అనుమానించాను, హోటల్ బోర్డుని అనుమానించాను. గంటకోసారి "వెళ్ళిరా, వెళ్ళిరా" అని తరుముతూ, వెళ్ళి ఏం చేస్తోందో మాత్రం ఆలోచించలేదు.

"నేను పారబోస్తాను. నాకు సిగ్గేంటి?" అన్నాను.

"నా వెనక పుట్టినదానివి, నీ చేత మోయించుకుంటానా?" అంది. ఆ మాట అంటూనే ఏదో తట్టినట్టు ఆగింది. "అది బరువుంటుందా?"

"సగమే నిండితే నీళ్ళ బకెట్టంత. చక్రాలూ హ్యాండిలూ ఉన్నాయి."

"అయితే నాకు చూపించు. నాది నేనే తీసుకుంటాను."

సత్తిబాబు నీళ్ళడబ్బాతో వచ్చాడు. మా మొహాలు చూసి, "ఏంటండి, మళ్ళీ కరెంటు పోయిందా?" అన్నాడు. ఆగినప్పుడల్లా వెనక్కి ఎందుకెళుతున్నాడని అడిగాను. "పెట్టె నిండిందేమోనని చూత్తన్నానండి. నిండిపోతే లోపలికి పొంగిపోద్దండి, అమ్మగారు ఇబ్బంది పడతారని" అన్నాడు పాపం. అతను అంత శ్రద్ధగా చూసుకుంటున్నందుకే ఈ మనిషి అనపర్తిలో తప్ప పొద్దున్నుంచి బిగబట్టుకుని కూర్చుంది. జరిగింది నేను చెప్పాను. వినగానే చెవుల దాకా ఎర్రబడ్డాడు. అక్క వైపు చూడకుండా, "అలాగేనండి. ఎలా తియ్యాలో నేను సెప్తానండి, అమ్మగారే తీసుకుంటారు" అన్నాడు.

అక్క వెంటనే లోపలికి వెళ్ళింది. ఈసారి లైటు ఆరలేదు. పంపు గుర్రుమని మోగిన ఆ చప్పుడు విని నేను కాలవగట్టు మీద కూలబడ్డాను. అంత నిశ్చింతగా ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కూర్చోలేదు.

పెట్టె నిండకపోయినా అప్పుడే ఒకసారి తనే తీసి చూస్తానంది అక్క. పావు కిలోమీటరు దూరంలో ఒక పెట్రోలు బంకుంది. డీజిల్ పోయించుకుని, వాళ్ళ టాయిలెట్ వాడుకోవచ్చా అని మేనేజర్ని అడిగితే, శుభ్రంగా ఉంచితే పర్లేదన్నాడు. కాలవలో పారబోసే పాపం ఎవరూ చెయ్యకండి, కింద ఊళ్ళన్నీ ఆ నీళ్ళే తాగుతాయి. సత్తిబాబు పక్క తలుపు దగ్గరికి వెళ్ళబోతే అక్క ఆపింది.

"నువ్వు అటు తిరిగి నుంచో బాబూ. అటు తిరిగే చెప్పు."

అతను రోడ్డు వైపు తిరిగి, చేతులు కట్టుకుని, స్కూలు ప్రేయర్‌లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. లారీల చప్పుడు మీదుగా అరిచి చెబుతున్నాడు. "పసుప్పచ్చ గొళ్ళెం పైకి లాగండి అమ్మగారూ! వచ్చిందాండి? ఇప్పుడు మీ వైపుకి లాగండి. గట్టిగా లాగకండి, మెల్లిగా!"

"వచ్చింది" అంది అక్క.

"హ్యాండిలు బయటికి లాగి, బండిలాగా దొర్లించుకెళ్ళండి. మూత తిప్పేముందు గొట్టం కిందికి వంచండి. పక్కన బొత్తాం ఉంటాదండి, అది నొక్కితే చిందదండి!"

నేను బంకు టాయిలెట్ తలుపు పట్టుకున్నాను, అంతే. అక్క కొంగు నడుముకి దోపుకుని, పెట్టె వంచి, బొత్తాం నొక్కి, ఒక్క చుక్క చిందకుండా పారబోసింది. రెండుసార్లు నీళ్ళు పోసి ఆడించింది. తిరిగి తెచ్చి దాని చోట్లో తోస్తే టక్కుమని కూర్చుంది. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, "అయిపోయింది బాబూ, ఇటు తిరుగు" అంది. సత్తిబాబు తిరిగాడు. అక్క బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి, మూత విప్పి, ఆపకుండా సగం తాగింది. ఊపిరి తీసుకుని మిగతా సగం కూడా తాగింది. బంకు ఎదురుగా కొబ్బరిబోండాలు కనిపిస్తే, "నీళ్ళెక్కువ ఉన్నది కొట్టించు" అంది నాతో. మూడేళ్ళుగా బయట అడుగుపెడితే గుక్కెడు నీళ్ళకి భయపడిన మనిషి.

అక్కడినుంచి పిఠాపురం పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో ఒకసారి ఆగాం, తనే ఆపించింది. ఆలయం దగ్గర పార్కింగులో ట్రైలర్‌ని నీడలో పెట్టించి, లోపలికి వెళ్ళేముందు ఇంకోసారి వెళ్ళొచ్చింది. కుక్కుటేశ్వరస్వామి గుడి ఆవరణలోనే అమ్మవారి గుడి. ఆదివారమైనా మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు, వరసలో ఇరవై నిమిషాలు పట్టింది. తలుపులు మూసే వేళ దగ్గరపడుతోందని ఎవరో తొందరపెడుతున్నారు. అక్క మాత్రం చీర రెండు చేతులా పట్టుకుని, కంగారు లేకుండా నిలబడింది. పూజారి గోత్రం అడిగితే గొంతెత్తి చెప్పింది. చీర ఇచ్చి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, "వాణీ, ఏ ఊరు వెళితే ఎంతసేపు పడుతుందో ఇంక అడగక్కర్లేదు కదా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తిరుగు ప్రయాణంలో ఆ బంకు దగ్గరే ఆగి పెట్టె మళ్ళీ తనే కడిగింది. సత్తిబాబు చెప్పకముందే అటు తిరిగి నిలబడ్డాడు.

తీగల్లో వచ్చిన చిక్కులు రెండూ నేను కనిపెట్టగలిగాను. మూడోది నా టేపు ముక్కకి దొరికింది గానీ నాకు అర్థం కాలేదు, అక్క నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది. ఆడవాళ్ళు ప్రయాణాల్లో నీళ్ళు తాగకపోవడం మన ఇళ్ళల్లో ఎంత మామూలైపోయిందంటే, ఎందుకు తాగలేదని మనం అడగనే అడగం. మర్యాదగల మనిషికి సాయం తీసుకోవడం కూడా ఒక్కోసారి శిక్షే. ఆ శిక్ష తప్పించడానికి పెద్ద ఉపాయమేమీ అక్కర్లేదు, వాళ్ళ పని వాళ్ళ చేతికి వదిలేసి మనం అటు తిరిగితే చాలు. నాకది బయల్దేరకముందే తట్టి ఉంటే అక్క గొంతు ఎండబెట్టుకుని కూర్చునేది కాదు.

ఇలాంటి ట్రైలర్ తీసుకునేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. ఏసీ ఉందా, లైటు వెలుగుతోందా అని చూడడం సరే. బండి కదలకముందు ఆ పెట్టె ఎవరు ఖాళీ చేస్తారని, టాయిలెట్ వాడబోయే మనిషి వినేలా అడగండి. వాళ్ళ మొహం చూడండి. ఇబ్బందిగా కనిపిస్తే, ఖాళీ పెట్టెతోనే ఒకసారి వాళ్ళ చేత తీయించి, పెట్టించి, ఆ తర్వాత వాళ్ళ చేతికి ఒక నీళ్ళ సీసా ఇవ్వండి. తాగితేనే బయల్దేరండి.